తామర మందు తెచ్చిన తంటా

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి దర్శనం చేసుకుని, రంగసముద్రం కట్ట మీదుగా వచ్చాను. చెరువు కట్టకు బీట పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మమూ అంతే. లోపలి తడి నిలవదు. బయటి దుమ్ము, చెమట, సబ్బు లోపలికి దిగి దురద లేపుతాయి. చర్మం పైపొరకు బలమిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువని 2006లో తేలింది. అంటే బాలింత వంకాయ తిన్నందుకు వచ్చింది కాదిది. పాపం, ఆమెను ఇకనైనా వదిలేయండి.

మన మాటలోనే ఒక చిక్కుంది. గుండ్రంగా పాకే ఫంగస్‌నూ తామర అంటాం, ఈ ఎగ్జిమానూ తామరే అంటాం. మొన్న ఒకామె తొమ్మిది నెలల బిడ్డను తెచ్చింది. బుగ్గలు ఎర్రగా కంది రసి కారుతున్నాయి. కొంగుముడి విప్పి, అడుగుదాకా పిండేసిన ట్యూబు చూపించింది. షాపులో "తామరకు" అని అడిగి కొన్నదట. అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ ఉంది. వారం తగ్గినట్టే ఉంటుంది, మానగానే తిరగబెడుతుంది, చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం చెప్పింది.

అలాగని స్టెరాయిడ్ పేరు వింటేనే బెదిరిపోవద్దు. డాక్టరు చూసి ఇచ్చిన తక్కువ ఘాటు పూతను, చెప్పినన్ని రోజులు, ఎర్రబడ్డ చోటే రాయాలి. పెద్దవాళ్ల చూపుడువేలి పై కణుపు పొడవునా పిండిన మందు రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

అసలు వైద్యం రోజూ చేసేదే. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు దాటని స్నానం. నలుగు, సున్నిపిండి వద్దు. ఆ రాపిడికే కట్ట తెగుతుంది. మెత్తటి గుడ్డతో అద్ది, ఒళ్లు తడి ఆరకముందే వాసన లేని వాజలీనో కొబ్బరినూనో దండిగా పట్టించండి. తగ్గాక కూడా మానొద్దు. గోళ్లు కత్తిరించండి, నూలుబట్టలే వేయండి. పాలు, గుడ్డు అంటూ సొంతంగా పథ్యాలు పెట్టి బిడ్డ కడుపు మాడ్చకండి.

పుట్టినప్పటి నుంచి ఇలా తడి నిలిపే పూతలు పూస్తే అసలు రాకుండా ఆపొచ్చా అని అడుగుతారు. బ్రిటన్‌లో సుమారు 1,400 మంది శిశువుల మీద చూసి, ఆగలేదని 2020లో చెప్పారు. వచ్చాక అదుపులో పెట్టడం మాత్రం మన చేతిలో పనే.

పసుపుపచ్చ పక్కు కట్టినా, నీటిపొక్కులు గుంపుగా లేచినా, జ్వరమొచ్చినా ఆ రోజే వనపర్తి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో వాడుతున్న ట్యూబులు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చదివి చెబుతాను.