పైథాన్ నుంచి సి ఫంక్షన్‌ని పిలవడం: ఎర్రర్ రాలేదంటే కరెక్టేనా?

పైథాన్‌లో కోడ్ రాస్తూ, సి లో ఉన్న ఫంక్షన్‌ని పిలవాలంటే ఎట్ల? దానికి సిటైప్స్ అనే మాడ్యూల్ ఉంది. 2006లో పైథాన్ 2.5తో స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చింది. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు.

ఆర్మూర్‌లో మా చిన్నాయన పసుపు వేస్తడు. ఎన్ని క్వింటాళ్లకు ఎంత వస్తదో చూసుకోవడానికి ఆయనకు చిన్న ప్రోగ్రాం చేసిన. ప్రాక్టీస్ అవుతదని లెక్క చేసే ఫంక్షన్ సి లో రాసిన. రెండు డబుల్స్ తీసుకుంటది, ఒక డబుల్ తిరిగి ఇస్తది.

12.5 క్వింటాళ్లు, ధర 14,000 అని ఇస్తే పైథాన్ ఎర్రర్ ఇచ్చింది. పాయింట్ తీసేసి 12 ఇచ్చిన. ఎర్రర్ లేదు, ఏదో నంబర్ వచ్చింది. పనిచేస్తుందనుకొని చిన్నాయనకు చూపించిన. ఆయన నోటిలెక్క కట్టి, "లక్షా అరవై ఎనిమిది వేలు రావాలె. నీ లెక్కనే తప్పు బిడ్డా" అన్నడు.

ఏమైందంటే, కంపైల్ అయిన సి లైబ్రరీలో పైథాన్‌కి దొరికేది ఫంక్షన్ పేరు మాత్రమే. అది ఏ టైప్ తీసుకుంటదో, ఏం తిరిగి ఇస్తదో పైథాన్‌కి తెల్వదు. మనం చెప్పకపోతే 12ని ఇంట్‌గానే పంపుతుంది, వచ్చే జవాబు కూడా ఇంటే అనుకుంటుంది. మన 64 బిట్ ల్యాప్‌టాప్, ఫోన్ ప్రాసెసర్లలో ఇంట్‌లు పోయే రిజిస్టర్లు వేరు, డబుల్స్ పోయేవి వేరు. బస్తా పెట్టింది ఒక కాంటా మీద, తూకం చూసింది ఇంకో కాంటా మీద. ఇక 12.5 దగ్గర ఆగింది ఎందుకంటే, ఫ్లోట్‌ని ఏ టైప్‌గా పంపాలో చెప్పకపోతే సిటైప్స్ పంపనే పంపదు. అంటే ఆ ఎర్రర్ నన్ను కాపాడింది, నేనే దాన్ని తప్పించుకున్న.

మందు రెండే లైన్లు. ఫంక్షన్ పేరు పక్కన డాట్ పెట్టి, ఆర్గ్‌టైప్స్‌కి రెండు సి అండర్‌స్కోర్ డబుల్స్ ఉన్న లిస్ట్ ఇవ్వండి. రెస్‌టైప్‌కి ఒక సి అండర్‌స్కోర్ డబుల్ ఇవ్వండి. ఇప్పుడు 12కి 1,68,000, 12.5కి 1,75,000 కరెక్ట్‌గా వస్తయి.

ఫంక్షన్ పాయింటర్ తిరిగి ఇచ్చేదైతే ఇంకా జాగ్రత్త. రెస్‌టైప్ చెప్పకపోతే 64 బిట్ అడ్రస్‌లో సగమే మిగులుతుంది. దాన్ని వాడితే ప్రోగ్రాం మొత్తం క్రాష్ కావచ్చు, ట్రై ఎక్సెప్ట్ కూడా ఆపలేదు.

అందుకే బయటి లైబ్రరీని పిలిచినప్పుడు ముందు టైప్స్ చెప్పండి, తర్వాత జవాబు తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి చూడండి. చిన్నాయన ఆ రోజు నోటితో చేసింది అదే టెస్ట్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సి స్ట్రక్చర్లు చూద్దాం. ఉంటా మరి, బాయ్!