కొండ కింది గూడెం – తీరని బాకీ

(గోలేటిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చిన్ననాటి ముచ్చట్లు చెప్పమన్నారు. నాకిప్పుడు 75 ఏళ్ళు. జీవితమంతా ఆఫీసులో నోట్ ఫైలు రాసినవాణ్ణే గాని ఉపన్యాసకుణ్ణి కాదు. తప్పులుంటే మన్నించగలరు.

గోలేటి అంటే నేడు అందరికీ బొగ్గు గనులు, క్వార్టర్లు, లారీలు గుర్తుకొస్తాయి. ఇక్కడి నుంచి తిర్యాణి వైపు తలెత్తి చూస్తే కనబడే గుట్టల కిందనే ఒక గూడెంలో నేను పెరిగాను. ఇరవై ఇళ్ళు గోండులవి, వడ్లపని చేసే ఇల్లు మాది ఒక్కటే. మా నాయన నాగళ్ళు, బండ్లు చేసేవాడు. కూలి పైసల్లో కాదు, పంట కల్లానికి వచ్చినప్పుడు జొన్నల్లో ముట్టేది. 1957లో నయా పైసలు వచ్చినా మా గూడేనికి వాటితో పెద్దగా పని పడలేదు.

వెదురు తడికెకు మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పు. పొద్దున అంబలి, రాత్రి జొన్న గట్క. ఎండాకాలం మొదట్లో తెల్లవారక ముందే అమ్మ వెంట ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాళ్ళం. పొద్దెక్కితే పశువులు తింటాయని అమ్మ తొందరపెట్టేది. వానాకాలంలో బురద తగలకుండా పిల్లలం వెదురు మరగాళ్ళు ఎక్కి నడిచేవాళ్ళం. పొలాల అమావాస్య మరునాడు వాటిని ఊరవతల వదిలేసి రావాలి. నాకు ఏడుపొచ్చేది. దీపావళికి దండారీ వస్తే, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుతుంటే మా నాయన కూడా బాడిశ పక్కన పెట్టి చూసేవాడు.

మా పక్కింటి గోండు పెద్దాయనను నేను కాకా అని పిలిచేవాణ్ణి. 1957 వానాకాలంలో మా చెల్లెలికి చలిజ్వరం వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. మూడోనాటికి మాట పడిపోయింది. ఆసిఫాబాదుకు పోవాలంటే రెండు వాగులు దాటాలి, రెండూ నిండుగా పారుతున్నాయి. మా నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. కాకా వచ్చి చూసి ఏమీ అనలేదు. మంచాన్ని కర్రకు కట్టి, ఇంకో ఇద్దరిని పిలుచుకుని, వాగు తగ్గేదాకా ఒడ్డున కూర్చుని, అర్ధరాత్రి దాటించాడు. చెల్లెలు బతికింది. ఇవాళ ఆమెకు మునిమనవడు. తర్వాత కొన్నాళ్ళకు డి.డి.టి. కొట్టేవాళ్ళు గూడేలకు వచ్చి, తలుపుల మీద తారీఖు రాసి పోయేవారు.

కాకా వాళ్ళ నాయనకు నిజాం కాలంలో భూమి పట్టా వచ్చింది. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీము నేలకొరిగిన తర్వాత, సర్కారు హైమెన్‌డార్ఫ్ దొరను ఈ అడవులకు పంపడం, ఆయన మార్లవాయిలో ఉండడం, గోండులకు పట్టాలు ఇప్పించడం మీలో చాలామందికి తెలిసినదే. ఆ కాగితం ఉర్దూలో ఉండేది. కాకా దాన్ని వెదురు గొట్టంలో పెట్టి ఇంటి వాసానికి కట్టుకున్నాడు. చివరికి చెదలు తిన్నాయి.

నేను ఆసిఫాబాదులో చుట్టాల ఇంట్లో ఉండి చదువుకున్నాను. 1971లో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. 1978లో ఒకనాడు నా టేబుల్ ముందు కాకా నిలబడ్డాడు. బయటినుంచి వచ్చిన ఒకాయన తన చేను దున్నుకుంటున్నాడని దరఖాస్తు తెచ్చాడు.

“రాం రాం బిడ్డా. నువ్వు వడ్లాయన కొడుకువు గదా!” అన్నాడు.

చుట్టూ తోటి ఉద్యోగులున్నారు. నేను “కూర్చో కాకా” అనలేదు. “పట్టా కాగితం ఉందా?” అన్నాను. చెదలు తిన్నదన్నాడు. “ఆధారములు లేనందున వాపసు” అని రాసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మడిచి, “నీ కలం సల్లగుండ బిడ్డా” అని పోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

తప్పు ఎవరిమీదా వేయను, నాదే. 1970లో వచ్చిన ఒకటవ రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచే వచ్చినట్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. కాగితం అడగవలసింది కాకాను కాదు, రెండో ఆయనను. ఆ పుస్తకం మా బీరువాలోనే ఉంది, నేను తెరిచి చూడలేదు. పాత పట్టాల నకలు రికార్డు గదిలో వెతకమని ఉర్దూ వచ్చిన పెద్దాయనను అడిగినా సరిపోయేది. అయిదేళ్ళ తర్వాత మరో సీట్లో అటువంటి ఫైలు చూసినప్పుడు నాకు ఈ సంగతి తెలిసింది. సెలవు పెట్టి గూడేనికి పోయాను. కాకా అప్పటికే కాలం చేశాడు. ఆయన కొడుకు పైన గుట్టవాలులో పోడు చేసుకుంటున్నాడు. నాకు గట్క పెట్టాడు. నేను చెప్పదలచుకున్నది చెప్పలేక తిని వచ్చాను.

2008లో నేను రిటైరయ్యాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టానికి నియమాలు వచ్చింది ఆ ఏడాదే. వాటిలో ఒక మాట నన్ను నిద్రపోనివ్వలేదు. హక్కుదారు కాని పెద్దల నోటిమాటను కూడా, కాగితం మీద పెడితే, సాక్ష్యంగా తీసుకోవచ్చునట! వెంటనే గూడేనికి వెళ్ళి, ఎవరు ఎప్పటినుంచి ఎక్కడ దున్నారో ముసలివాళ్ళు చెబుతుంటే రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకున్నాను. నా వాంగ్మూలం కూడా ఇచ్చాను. కాకా కొడుకుకు పోడు భూమికి హక్కు పత్రం వచ్చింది. కింద ఉన్న నల్లరేగడి చేను మాత్రం రాలేదు. ఆ బాకీ అలాగే ఉంది.

మిత్రులారా, మనకు పింఛను ఒకటో తారీఖు కోసం ఎదురుచూడడం తెలుసు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసు. ఒక్క కాగితం లేక మనిషి ఎలా నిలబడిపోతాడో మనకంటె ఎవరికి తెలుసు? అందుచేత నా విన్నపం ఒక్కటే. నెలకొక ఆదివారం మన సంఘంలో ఇద్దరు ముగ్గురం ఒక గూడేనికి పోయి దరఖాస్తులు రాసిపెడదాం. మీ ఇంట్లోని పెద్దవాళ్ళు చెప్పే పాత ముచ్చట్లు పిల్లలచేత రాయించండి. అవి ఎప్పుడు ఎవరికి సాక్ష్యంగా పనికొస్తాయో చెప్పలేము.

ఇంకొకమాట. వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టండి, కాగితం సంగతి తర్వాత అడగవచ్చు.

 రాం రాం.