చెట్టు ఎవరిది? దారి ఎవరిది?

(నైజర్ దేశపు రైతులు, పశుపాలకుల అనుభవంపై చేసిన ప్రసంగ పాఠం)



కరవు అనగానే మన చూపు ఆకాశం వైపు మళ్లుతుంది. వాన కురవలేదు, పంట పండలేదు, పశువు బతకలేదు అని మూడు మాటల్లో విషయాన్ని ముగిస్తాం. అయితే నేలను దున్నేవానికి ఆ నేలపై, పశువును మేపేవానికి ఆ దారిపై ఏ హక్కు ఉన్నదని అడగకుండా కరవును అర్థం చేసుకోలేం. ఇందుకు పశ్చిమాఫ్రికాలోని నైజర్ బలమైన నిదర్శనం.

నైజర్‌కు సముద్రతీరం లేదు. దేశ విస్తీర్ణంలో అధికభాగం ఎడారి. ప్రజల్లో అత్యధికులు ముస్లిములు. వారిలో ఎక్కువమందికి సేద్యం, పశుపోషణలే జీవనాధారం. వానకాలం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మాత్రమే. సజ్జ, జొన్న, అలసంద ఆ కొద్ది నెలల్లోనే చేతికి రావాలి. ఏడాదిలో మిగిలిన కాలమంతా ఆ గింజలతో, ఆ మందలతో గడపాలి. 1970వ దశకం తొలినాళ్లలోనూ, 1984లోనూ వచ్చిన మహాక్షామాలు అక్కడి మందలను తుడిచిపెట్టాయి.

ఇక చెట్టు సంగతి చూద్దాం. ఫ్రెంచి వలస పాలకుల అటవీ చట్టాలు పొలంలో మొలిచిన చెట్టుపై కూడా అధికారాన్ని ప్రభుత్వానికే కట్టబెట్టాయి. రైతు తన చేనులోని కొమ్మ నరికినా జరిమానా తప్పేది కాదు. 1960లో స్వాతంత్ర్యం వచ్చినా ఆ పద్ధతి చాలాకాలం కొనసాగింది. తనది కాని చెట్టును ఎవరు కాపాడతారు? మొక్కగా ఉండగానే తీసివేయడం రైతుకు క్షేమంగా తోచింది. పొలాలు బోడివయ్యాయి. తొలకరి గాలులకు లేచిన ఇసుక లేత సజ్జ మొలకలను పూడ్చివేసేది. ఒకే కారులో రెండుసార్లు, మూడుసార్లు విత్తవలసి వచ్చేది.

1980వ దశకంలో మరాది ప్రాంతంలో మార్పు మొదలైంది. అక్కడ పనిచేస్తున్న ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో, నాటించిన మొక్కలు ఎండిపోతుండగా, ఒక సంగతి గమనించారు. పొలాల్లో పొదలుగా కనిపిస్తున్నవి నిజానికి నరికిన చెట్ల మోళ్ల నుంచి వచ్చిన చిగుళ్లు. నేల కింద వేళ్లు సజీవంగానే ఉన్నాయి. బలమైన రెండు మూడు కొమ్మలను ఉంచి తక్కినవి కత్తిరిస్తే చాలు, చెట్టు లేస్తుంది. కొత్త మొక్క అక్కరలేదు, నీరు మోయనక్కరలేదు. అధికారులు జరిమానాల పట్టు సడలించి, చెట్టు ఫలం రైతుకే దక్కుతుందన్న నమ్మకం కుదిరిన కొద్దీ ఈ పద్ధతి ఊరి నుంచి ఊరికి పాకింది. మరాది, జిందర్ ప్రాంతాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో 20 కోట్ల చెట్లు తిరిగి లేచాయని పరిశోధకుల అంచనా.

వాటిలో గావో అనే చెట్టు విశేషమైనది. వానకాలంలో ఆకు రాల్చి, ఎండకాలంలో చిగురిస్తుంది. అందువల్ల పైరుకు నీడ అడ్డురాదు. మేత దొరకని నెలల్లో దాని కాయలు పశువుల కడుపు నింపుతాయి. నీడన చేరిన పశువుల పేడ ఆ నేలకే ఎరువవుతుంది. సేద్యానికీ పశువుకూ ఉన్న పొత్తును ఈ ఒక్క చెట్టులో చూడవచ్చు.

మనుషుల నడుమ కూడా ఆ పొత్తు ఉండేది. కోతలయ్యాక ఫులానీ పశుపాలకుల మందలు పొలాల్లో విడిది చేసేవి. మన పల్లెల్లో గొర్రెల మంద కట్టించుకున్నట్లే, రైతు గింజలిచ్చేవాడు, మంద ఎరువిచ్చేది. సాగు ఉత్తరానికి విస్తరించి మేత బీళ్లనూ పశువుల బాటలనూ ఆక్రమించిన కొద్దీ ఆ పొత్తు బీటలువారింది. దారి మూసుకుపోతే మంద పైరులో పడుతుంది. తగవు రక్తపాతం దాకా పోతుంది.

నైజర్ 1993లో గ్రామీణ స్మృతిని తెచ్చింది. 2010లో చేసిన పశుపాలన చట్టం మందలతో సంచరించడాన్ని పశుపాలకుల మౌలిక హక్కుగా గుర్తించింది. చట్టం మంచిదే. కానీ బాటకు హద్దురాళ్లు పాతేవారు, తగవు విని న్యాయం చెప్పేవారు లేనిచోట ఆ హక్కు కాగితం దాటి రాదు. సాయుధ ముఠాల దాడులు పెరిగాక ఫులానీ అన్న పేరే అనుమానానికి కారణమైంది. కొందరి నేరానికి జాతి మొత్తాన్ని నిందించడం ఎంత చేటో ఈ సభలో వివరించనక్కరలేదు. దాదాపు అందరూ ముస్లిములే అయిన దేశంలోనూ బలహీన సమూహాలు ఉంటాయి. అల్పసంఖ్యాకుల హక్కులు కోరే మనం ఈ సత్యాన్ని మరవరాదు. నీరు, పచ్చిక అందరి ఉమ్మడి సొత్తన్న ఇస్లామీయ సంప్రదాయం వారి పక్షాన నిలుస్తుంది.

నైజర్ మనకు పరాయి దేశమేమీ కాదు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు అక్కడి సడోరేలో కేంద్రం ఉంది. సజ్జ పరిశోధన రెండు నేలలనూ కలిపింది. విత్తనంతో పాటు హక్కు గురించిన పాఠాన్ని కూడా మనం అందుకోవాలి. వచ్చే ఏడు ఈ నేల తనకు ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు గట్టున చెట్టు పెంచుతాడా? చెరువు మట్టి తోలించుకుంటాడా? ఊరి మేతబీడు ఆక్రమణ పాలైతే నాలుగు మేకలే ఆస్తిగా గల పేద కుటుంబం ఎక్కడికి పోవాలి?

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్లు, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంగా మనం అడగవలసినవి మూడు. సాగుచేసే ప్రతి కౌలు రైతుకూ గుర్తింపు పత్రం కావాలి. గ్రామ మేతబీళ్లను కొలిచి, హద్దులు పాతి, గ్రామసభకు అప్పగించాలి. కరవు సహాయపు జాబితాలో భూమి లేని పశుపోషకుని పేరు కూడా ఉండాలి. ఈ మూడింటి కోసం మీ మీ గ్రామసభల్లో గొంతెత్తవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.