పాత అంబాసిడర్ ఇంజనుకు పాయింట్ల వైరింగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా బ్యాచ్ తరఫున బడి ల్యాబుకు ఒక పాత అంబాసిడర్ ఇంజను స్టాండు మీద బిగించి ఇస్తున్నాం. "ఈ రోజుల్లో ఈ ఇనుము దేనికండీ?" అని కమిటీలోనే ఒకరు అడిగారు. ఈ ఇంజనులో దాపరికం లేదు. ప్లగ్గులో నిప్పురవ్వ ఎక్కణ్ణుంచి వస్తుందో వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోవచ్చు. అందుకే.

పదో తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ చదివారుగా, అదే ఇది. బ్యాటరీ నుంచి కరెంటు తాళానికి, అక్కణ్ణుంచి కాయిల్ మీద ఎస్‌డబ్ల్యు అని ఉన్న కొనకు వస్తుంది. సీబీ అన్న రెండో కొన నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు పోతుంది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం నిలుస్తుంది. క్యామ్ వాటిని విడదీయగానే అది కూలి, సన్నతీగ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. అంటే రవ్వ వచ్చేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడినప్పుడు. ఫస్టు ర్యాంకులు వచ్చినవాళ్లు కూడా దీన్ని తిరగేసి చెప్పడం ఇంటర్వ్యూల్లో చూశాను. పక్కనున్న చిన్న కండెన్సర్ పనిచేయకపోతే పాయింట్ల మధ్యే మంట లేచి అవి మాడతాయి, ప్లగ్గులో రవ్వ బలహీనపడుతుంది.

అసలు చిక్కంతా ఒక ఫైబర్ వాషరు దగ్గర. కాయిల్ వైరు, కండెన్సర్ వైరు, పాయింటు స్ప్రింగు మూడూ ఒకదానికొకటి తగలాలి. వాటిని పట్టి ఉంచే బోల్టుకు మాత్రం తగలకూడదు. వాషరు తారుమారైతే పాయింట్లు ఎప్పుడూ కలిసినట్టే లెక్క. కాయిల్ మార్చినా, ప్లగ్గులు మార్చినా రవ్వ రాదు. తాళం వేసి, సీబీ కొనకూ ఎర్తుకూ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు పెట్టి, హ్యాండిల్‌తో ఇంజను మెల్లగా తిప్పండి. పాయింట్లు విడితే వెలగాలి, కలిస్తే ఆరాలి. కాయిల్ దాకా కరెంటు వస్తున్నా బల్బు అసలు వెలగకపోతే ముందు వాషరు చూడండి. గ్యాపు 15 థౌ, అంటే సుమారు 0.4 మి.మీ. ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2.

ఈ బల్బు కిటుకు నాకు ఇంజనీరింగు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తొమ్మిదిలో చదువు ఆపి షెడ్డులో చేరిన నా బెంచీ మిత్రుడు చెప్పాడు. ఈ ఇంజను వైరింగు కూడా అతని చేతిదే. ఇవాళ వెనక వరసలో కూర్చున్నాడు, సభ్యుడిగా కాదు, అతిథిగా. పది పాసైనవాళ్లకే సభ్యత్వమని మన నిబంధన. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సభ్యత్వం ఇవ్వాలని, దాన్ని ఈ స్వర్ణోత్సవంలోనే సవరించాలని ప్రతిపాదిస్తున్నాను. సంతకాల కాగితం రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంది.

పిల్లలూ, ల్యాబులో తాళం ఆన్‌లో వదిలి వెళ్లకండి. పాయింట్లు కలిసిన చోట ఇంజను ఆగి ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది. సెలవు.