మందు రాసే చేతి మీద భారం

ఈ పుదుచ్చేరిలో పశువైద్య పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ, యానాం నుంచి వచ్చి చదువుకున్న తెలుగు పిల్లలకు మరీ ఆప్యాయంగా, అభినందనలు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఎందరికో ప్రాణం పోసింది. ఆయన కన్నుమూశాక, 1950లో, అదే సంస్థ శాస్త్రవేత్తలు ఆ మందు దాణాలో కొద్దిగా కలిపితే కోళ్లు త్వరగా పెరుగుతాయని చాటారు. అక్కడి నుంచి యాంటీబయాటిక్ జబ్బులేని కోడికీ మేత అయింది.

దాని ఫలితం మీరు ల్యాబులో చూసే ఉంటారు. అగార్ పళ్లెంలో ఆ మందు కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపించాలి. మందుకు లొంగని ఇ. కొలై బాక్టీరియా అయితే బిళ్ల అంచుదాకా పొరలా పరుచుకుంటుంది. చాలీచాలని మోతాదు బలహీనమైన సూక్ష్మజీవులను చంపి, తట్టుకున్నవాటికి చోటిస్తుంది. ఆ తట్టుకునే జన్యువు తరచు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో ఉండి, ఒక బాక్టీరియా నుంచి మరో జాతి బాక్టీరియాకు కూడా చేరుతుంది.

వేరే మందులేవీ పనిచేయనప్పుడు మనుషులకు వాడే కొలిస్టిన్‌కూ ఇదే గతి పట్టింది. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. పందుల్లోనూ, మాంసంలోనూ, రోగుల్లోనూ అది దొరికింది. మన ప్రభుత్వం 2019 జులైలో కోళ్లకు, ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది.

చట్టం కోళ్ల షెడ్డు గుమ్మం దాకానే వస్తుంది. లోపలికి వెళ్లేది మీరు. కోడిపిల్లలు తూగుతున్నాయని రైతు అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. అప్పు తెచ్చి బ్యాచ్ వేసిన మనిషి, ఆయన భయం నిజమైనది. వెంటనే మందు పేరు చెప్పకండి. చచ్చిన కోడిని కోసి చూడండి, నమూనా పంపండి. లిట్టర్ తడిగా ఉందా, గాలి ఆడుతోందా, తాగునీరు శుభ్రమేనా చూడండి. కొక్కెర తెగులు వైరస్ జబ్బు, టీకాతో ముందే ఆపాలి. యాంటీబయాటిక్ తప్పనిసరైతే సరైన మోతాదులో పూర్తిగా వాడించండి, మందు ఒంట్లోంచి పోయే గడువు తీరేదాకా కోళ్లను అమ్మనివ్వకండి.

షెడ్డులో మీరు వృథా కానివ్వని మందు రేపు జిప్మర్ ఆసుపత్రిలో ఒక పసిబిడ్డకు పనిచేయవచ్చు. మందు అక్కర్లేదని చెప్పడమూ వైద్యమే. రైతు నష్టపోకుండా ఆ మాట చెప్పగలిగే విద్య మీకుంది. ధైర్యంగా చెప్పండి.