స్థానబలిమి - జనబలిమి

మొసలికి నీటిలో నున్న బలము గట్టుమీద లేదని వేమన చెప్పిన సంగతి తెలుగునాట చదువురాని వారికి సైతము తెలియును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాటయు అట్టిదే. ఇంట గెలుచుట సులభము, రచ్చ గెలుచుట కష్టము అని దాని అంతరార్థము. ఈ రెండు మాటలకును ఫుట్‌బాల్ ఆటలో లెక్కలతో కూడిన నిదర్శనము కలదు. ఏ దేశపు పోటీల పట్టికను తీసి చూచినను సాధారణముగా సొంత మైదానములో ఆడిన జట్టుకు విజయములు ఎక్కువ, పరాయి మైదానమునకు పోయిన జట్టుకు తక్కువ. దీనిని గుర్తించియే యూరపు ఖండపు పోటీలలో 1965లో ఒక నియమము పెట్టిరి. రెండు జట్లును చెరియొక మైదానములో ఆడిన పిమ్మట గోలుల మొత్తము సమానమైనచో, పరాయి గడ్డపై ఎక్కువ గోలులు చేసిన జట్టే గెలిచినట్లు. ఆ నియమమును 2021లో గాని తీసివేయలేదు.

అయితే ఈ బలము ఎక్కడినుండి వచ్చుచున్నది? నేలలో నున్నదా, ఆ నేల చుట్టును చేరిన జనములో నున్నదా? జనములోనే యున్నచో అది ఆటగాని కాళ్లకు చేరుచున్నదా, లేక మరియొక చోటికి చేరుచున్నదా? ఈ ప్రశ్నలను నేడు శ్రోతలతో కలిసి కొంత విచారింపదలచితిమి.

మొదట నేల సంగతి చూతము. సొంత మైదానములో గడ్డి ఎట్టిదో, బంతి ఏ మూలను ఎట్లు లేచునో అచటి ఆటగాండ్రు ఎరుగుదురు. ప్రయాణపు బడలిక వారికి లేదు. తినునది ఇంటి తిండి, పోవునది ఇంటి నిద్ర. కొన్నిచోట్ల గాలియే సొంత జట్టు పక్షమున ఆడును. బొలీవియా దేశములోని లాపాజ్ నగరము సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల ఎత్తున నున్నది. అచట గాలి పలుచన. అలవాటు లేనివారికి నాలుగు అడుగులు పరుగెత్తగానే రొప్పు వచ్చును. 2009 ఏప్రిల్ 1వ తేదీన సుప్రసిద్ధమైన అర్జెంటీనా జట్టు అచటికి పోయి ఒక గోలుకు ఆరు గోలులు ఇచ్చుకొని తిరిగివచ్చెను. కాని ప్రతి ఊరును లాపాజ్ కాదు. ఒకే దేశములో, ఒకే వాతావరణములో, రెండు మూడు గంటల ప్రయాణపు దూరములో నున్న జట్ల నడుమ సైతము సొంత మైదానపు బలము కనిపించుచునే యున్నది. కావున జనము సంగతి విచారింపక తప్పదు.

దీనికి మన ప్రాంతపు ఉదాహరణ మొకటి చెప్పుకొందము. కృష్ణ యొడ్డున వేదాద్రి మొదలుకొని జగ్గయ్యపేట, నందిగామల వరకు గల మెట్ట గ్రామములవారికి ఫుట్‌బాల్ కంటె ఎడ్ల బండలాగుడు పందెము, కబడ్డీ ఎక్కువ పరిచయము. బండలాగుడులో ప్రతి జతకును గడువు ఒక్కటే. గడువు ముగియగానే ఎడ్లు బండను ఎన్ని అడుగుల దూరము లాగినవో కొలిచి చెప్పుదురు. ఊరి ఎడ్లకు ఎన్ని ఈలలు, ఎన్ని కేకలు పడినను కొలత టేపునకు చెవులు లేవు. అదే ఊరిలో కబడ్డీ చూడుడు. కూతకు పోయినవాని వ్రేలు ఎదుటివానికి తగిలినదా లేదా, వాని కాలు గీత దాటినదా లేదా అని చెప్పవలసినవాడు ఒక మనిషి. ఆ మనిషికి కన్నులతోపాటు చెవులును కలవు. గీత చుట్టును నిలిచిన నాలుగు వందల గొంతులు ఒక్కసారిగా లేచినప్పుడు ఆ కన్నులు చూచినదానిని చెవులు కొంత దిద్దును.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2002లో ఇంగ్లండు పరిశోధకులు ఒక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. అర్హత గల 40 మంది రిఫరీలకు, లివర్‌పూల్ మైదానములో లీస్టర్ జట్టుతో జరిగిన ఆట యొక్క చిత్రమును చూపించి, 47 సందర్భములలో తప్పు జరిగినదా లేదా, జరిగినచో ఎవరిదో చెప్పుమనిరి. కొందరికి జనఘోషతో చూపిరి. తక్కినవారికి శబ్దము తీసివేసి చూపిరి. చిత్రము ఒక్కటే, సంఘటనలు అవియే. అయినను ఘోష విన్నవారు సొంత జట్టుమీద వేసిన తప్పులు, నిశ్శబ్దముగా చూచినవారు వేసిన వానికంటె నూటికి 15 వంతులకు పైగా తక్కువ. వారెవరును పక్షపాతులు కారు. లంచము తిన్నవారు కారు. ఆ ఘోషలో సందేహము సొంత జట్టువైపు మొగ్గినది, అంతియే.

స్పెయిను దేశపు ఆటలను పరిశీలించినవారు మరియొక సంగతి కనుగొనిరి. ఆట చివర రిఫరీ తన విచక్షణతో కలుపు అదనపు నిమిషములు, సొంత జట్టు ఒక గోలు వెనుకబడినప్పుడు ఎక్కువగాను, ఒక గోలు ముందున్నప్పుడు తక్కువగాను ఉండుచుండెను. జర్మనీలో, మైదానమునకును ప్రేక్షకుల మెట్లకును నడుమ పరుగుపందెపు బాట ఉన్నచోట్ల ఇట్టి మొగ్గు తక్కువగా కనిపించెను. జనము కొంచెము దూరమైనచో న్యాయము కొంచెము దగ్గరైనదన్నమాట.

జనమే లేకున్నచో ఏమగునో చూచు అవకాశము రెండుసార్లు కలిగినది. 2007లో ఇటలీ దేశములో అల్లరులలో ఒక పోలీసు అధికారి మరణింపగా, భద్రతా నియమములకు సరిపడని మైదానములలో ప్రేక్షకులు లేకుండ ఆటలు నడిపిరి. ఆ ఆటలను పరిశీలించినవారికి, ఆటగాండ్ర ఆటలో చెప్పదగిన మార్పు కనిపింపలేదు. రిఫరీలు సొంత జట్టువైపు చూపు మొగ్గు మాత్రము తగ్గినది. పిదప 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినది. మే 16వ తేదీన జర్మనీ పోటీలు ఖాళీ మైదానములలో మరల మొదలైనవి. అంతకు ముందు పదింట నాలుగుకు పైగా ఉన్న సొంతజట్టు విజయములు సుమారు మూడింట ఒక వంతునకు పడిపోయినవి. ఇంగ్లండు ప్రథమశ్రేణి పోటీలలో 2020-21 సంవత్సరమున పరాయి మైదానమునకు పోయిన జట్ల విజయములు సొంత జట్ల విజయములను మించెను. ఆ దేశపు సుదీర్ఘమైన ఫుట్‌బాల్ చరిత్రలో అట్లు జరుగుట అదియే మొదటిసారి.

ఈ ఘోష బలమును రేడియోవారమైన మేము చక్కగా ఎరుగుదుము. వ్యాఖ్యాత గొంతు వెనుక జనఘోష వినిపింపకున్నచో ఆట చప్పగా నుండునని శ్రోతలు తలంతురు. మేమును మైకును కొంత జనమువైపు త్రిప్పుదుము. ఇంటనున్న శ్రోత ఆటను చూడడు. ఆ ఘోష లేచిన తీరును బట్టియే తప్పు జరిగినదని నిశ్చయించుకొనును. చూడని శ్రోతయే అంత నిశ్చయమునకు వచ్చుచుండగా, క్షణములో తీర్పు చెప్పవలసిన రిఫరీ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆటగాని సంగతి. జనము తనవారికి ఎల్లప్పుడును బలమే ఇచ్చునని అనుకొనుట పొరపాటు. 1950 జూలై 16వ తేదీన రియో నగరపు మరకానా మైదానములో బ్రెజిల్, ఉరుగ్వే జట్లు తలపడెను. బ్రెజిల్ జట్టు గెలువనక్కరలేదు. సమముగా ముగించినను ప్రపంచ విజేత యగును. చూడవచ్చినవారు రెండు లక్షలకు దగ్గర. మొదటి గోలు కూడ బ్రెజిల్‌దే. అయినను ఉరుగ్వే రెండు గోలులు చేసి గెలిచెను. రెండవ గోలు పడగానే ఆ మహాజనసముద్రము మూగవోయినదని చరిత్రకారులు వ్రాసిరి. అంతమంది ఆశను మోయుట తేలికైన పని కాదు. ఎత్తుకొన్న చేతులే ఒక్కొక్కప్పుడు బరువగును.

అట్లే, పరాయి జనపు ద్వేషము ఎల్లప్పుడును ఓడింపలేదు. దీనికి తార్కాణము మన హైదరాబాదు చరిత్రలోనే యున్నది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చిన ఫుట్‌బాల్ శిక్షకుడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయికి పోయి రోవర్స్ కప్పును గెలిచి తెచ్చినది. రచ్చ గెలుచుటయే ఆ జట్టుకు అలవాటైనది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు, ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను ఆ గడ్డమీదనే 4-2 గోలులతో ఓడించి నాలుగవ స్థానము పొందినది. సికింద్రాబాదు యువకుడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోనివాడు.

1962 జకార్తా పరీక్ష అంతకంటె కఠినము. ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోవుటను భారతీయ ప్రతినిధి సోంధీ ఖండించిరి. దానితో ఇండోనేషియా జనమునకు మనపై ఆగ్రహము రగిలినది. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో తుదిపోరు. మైదానము నిండుగ సుమారు లక్షమంది. మన జాతీయగీతము సైతము ఆ కేకలలో మునిగిపోయినది. పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరియొక గోలు చేయగా భారత జట్టు 2-1తో గెలిచి బంగారు పతకము తెచ్చినది. అప్పటికే కాన్సరు వ్యాధితో కృశించుచున్న రహీమ్ మరుసటి సంవత్సరము జూన్ నెలలో కన్నుమూసిరి.

ఆ హైదరాబాదులోనే 2019లో ఇండియన్ సూపర్ లీగు పోటీలకు హైదరాబాద్ ఎఫ్‌.సి. అను జట్టు పుట్టినది. గచ్చిబౌలిలో బాలయోగి పేరిట నున్న స్టేడియము దాని సొంత మైదానము. మొదటి ఏడు పట్టికలో కడపటి స్థానము. తరువాతి రెండేండ్లును కోవిడ్ కారణముగా పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. అనగా 2021-22లో ఈ జట్టు సొంత మైదానములో ఒక్క ఆటయు ఆడలేదు. అయినను తుదిపోరునకు చేరెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డా మైదానమునకు ప్రేక్షకులను మరల అనుమతించిరి. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. కేరళ అభిమానులు వేలకొలదిగా పసుపు చొక్కాలతో మెట్లను నింపివేసిరి. కాని కాగితముపై ఆ ఆటకు సొంత జట్టు హైదరాబాదు. కావున పసుపు దుస్తులు హైదరాబాదువారికి దక్కెను. కేరళ ఆటగాండ్రు నల్లదుస్తులు ధరింపవలసివచ్చెను. మెట్లమీది పసుపు ఒకరిది, గడ్డిమీది పసుపు మరియొకరిది.

కేరళ మొదట గోలు చేసెను. 88వ నిమిషమున సాహిల్ తవోరా దానిని సమము చేసెను. పెనాల్టీల వంతు వచ్చినప్పుడు గోలు కాచిన లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడయై నిలువగా హైదరాబాదు 3-1తో విజేత యయ్యెను. ఈ ఇద్దరును గోవా వారే యగుట గమనింపదగినది. నేల వారికి తెలిసినది. జనము మాత్రము పరాయిది. అయినను గెలుపు ఆగలేదు.

కథ ఇక్కడ ముగిసియున్నచో, జనముతో పనిలేదని చెప్పి మేము విరమించెడివారము. కాని తరువాతి సంగతియు వినవలెను. ఆ జట్టు ధనపు చిక్కులలో పడి, పేరున్న ఆటగాండ్రను పోగొట్టుకొని, 2023-24లో పట్టికలో అట్టడుగునకు చేరినది. 2025లో యాజమాన్యము దానిని ఢిల్లీకి తరలించి పేరు సైతము మార్చివేసినది. దీనికి ముఖ్యకారణము ధనమే కావచ్చును. అయితే కొచ్చిలో కేరళ జట్టు ఆటలకు చేరునంత జనము గచ్చిబౌలిలో చేరలేదనుటయు నిజమే. ఒక నగరపు గుండెలో వేళ్లూనిన జట్టును పెకలించి మరియొక నగరములో నాటుటకు ఏ యజమానియు అంత సులభముగా సాహసింపడు.

దీనిని బట్టి మాకు తోచినది ఇది. ఒక్క సాయంకాలపు ఆటను జనము గెలిపించుట మనము అనుకొన్నంత లేదు. గెలిపించినప్పుడు సైతము అందులో కొంత భాగము రిఫరీ చెవి మీదుగా వచ్చినది, అనగా ఎదుటివానికి చెందవలసినది. జనము చేయగలిగిన గొప్ప పని వేరు. ఓడిన మరునాడు సైతము మైదానమునకు వచ్చుట, టిక్కెట్టు కొనుట, పిల్లలను వెంటబెట్టుకొని పోవుట - ఇది ఆటను నిలుపును, జట్టును ఊరిలో నిలుపును. కేక ఒక్క క్షణముది; రాక ఏండ్లతరబడిది.

కావున మన గ్రామములలో కబడ్డీ పోటీలు, వాలీబాల్ పోటీలు జరిపించు యువకులకు ఒక మనవి. ప్రేక్షకుల తాడును గీతకు నాలుగు అడుగులు దూరముగా కట్టుడు. తీర్పు చెప్పుటకు వీలైనంతవరకు పొరుగూరివానిని పిలువుడు. మీ ఊరివానికై మనసార కేకలు వేయుడు. తీర్పు చెప్పువాడు నోరు తెరచిన క్షణమున మాత్రము ఊరకుండుడు. పొరుగూరి జట్టు మంచి ఆట ఆడినప్పుడు చప్పట్లు కొట్టుడు. వారు మరుసటి ఏడు మరల రావలెనన్నచో, ఈ ఏడు వారికి న్యాయము జరిగినదని వారు నమ్మవలెను. ఎదుటి జట్టు రాని ఊరిలో ఇంట గెలుచుటయు లేదు, రచ్చ గెలుచుటయు లేదు.