ప్రదర్శనశాలల వాకిట వికలాంగులు



నా మాట మీకు వినవచ్చుచున్నది; రూపము మాత్రము కానరాదు. అయినను నేనొక వస్తువును చక్కగా వర్ణించినచో దానిని మీరు మనస్సున నిలుపుకొనగలరు. కురుక్షేత్రమును కన్నులార చూడజాలని ధృతరాష్ట్రునకు సంజయుడు చేసిన యుపకార మిట్టిదే. ఆ యుపకారము మన ప్రదర్శనశాలలలో వికలాంగులకు ఎంతవరకు లభించుచున్నదో, లభింపవలసిన దేమో నేడు విన్నవించెదను.

మా నివాసము హైదరాబాదు పాతనగరమున ఛత్రినాక. అచ్చటినుండి శాలిబండ, చార్మినారు దాటి యుత్తరముగా పోయినచో మూసీనది దక్షిణపు టొడ్డున సాలార్‌జంగు ప్రదర్శనశాల కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖానుగారును, వారి పూర్వులును సేకరించిన వస్తువులతో ఏర్పడిన యీ శాలను 1951 డిసెంబరు 16వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు దివాన్ దేవిడీ భవనమున ప్రారంభించిరి. 1968లో అది నేటి భవనమునకు మారినది. మీలో పలువురు దానిని చూచియే యుందురు.

అందు ముసుగు ధరించిన రెబెక్కా యను పాలరాతి విగ్రహము కలదు. ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ చెక్కిన దానిని మొదటి సాలార్‌జంగుగారు 1876లో రోమునగరమున కొనిరి. రాతి ముసుగు తడిసిన పలుచని వస్త్రమువలె నుండి, దాని వెనుక ముఖము కానవచ్చును. కన్ను వస్త్రమని భ్రమించును. చేతికి రాయి యని తెలియును. ఈ వింతను అంధు డెట్లు గ్రహింపవలెను? తాకనీయరు. అది కాఠిన్యము కాదు. వేలకొలది చేతుల చెమటయు జిడ్డును పాలరాతిని పాడుచేయును.

అదే శాలలో సంగీత గడియార మున్నది. గంట గంటకు నొక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి, ఘంట మ్రోగించి, మరల లోనికి పోవును. దాని కొరకు జనులు గుంపుగా వేచియుందురు. ఆ మ్రోత వినబడు క్షణమున అంధునకును ఆ గుంపులో పాలు దక్కును. మిగిలిన వస్తువులందును అతనికి పాలు కల్పించుట యెట్లు?

మార్గము కలదు. అసలు విగ్రహమును భద్రపరచి, దానికి సరియైన ప్రతికృతిని చేయించి చేతి కందింపవచ్చును. ఇటలీలోని అంకోనా పట్టణమున 1993లో ఒక అంధ దంపతుల పూనికచే ఇట్టి ప్రదర్శనశాల యేర్పడినది. అందు శిల్పములను చేతులతో తడవి చూతురు. మన ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలో 2015లో ‘అనుభవ్’ అను పేర 22 ప్రతికృతులతో ఒక విభాగమును తెరచిరి. నడువజాలనివారికి వలసినది మెట్ల ప్రక్కన వాలుబాట. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల నిడివి యుండిన చక్రముల కుర్చీ సుఖముగా ఎక్కును. బధిరులకు స్పష్టమైన వ్రాతపలకలును, సంజ్ఞాభాష నెరిగిన సహాయకుడును కావలెను.

ఇది దయాధర్మముగా చేయు పని కాదు. వికలాంగుల హక్కులను గూర్చిన 2016 నాటి చట్టము, తన 29వ సెక్షనులో, కళలను వారికి అందుబాటులోనికి తెచ్చుటయు ప్రభుత్వ కర్తవ్యములలో చేర్చినది. అందుబాటు నియమములు కేవలము సలహాలుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసిన ప్రమాణములను ఏర్పరుపవలెననియు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8వ తేదీన తీర్పు చెప్పినది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో 1 కోటి 86 లక్షలమంది గ్రామవాసులు. కావున ఈ మాట నగరవాసులకంటె మీకే ముందుగా చెప్పవలసియున్నది.

ఇక నా తప్పు నొకదానిని చెప్పుకొందును. ముప్పది యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన పల్లెబడి పిల్లలను నగరమందలి యొక ప్రదర్శనశాలకు తోడ్కొని వచ్చితిని. వారిలో నొకడు పుట్టంధుడు. “నీవు లోనికి వచ్చి యేమి చూచెదవురా? ఇచ్చట కూర్చుండి అన్నపు మూటలకు కాపలా యుండుము” అంటిని. రెండు గంటల పిమ్మట వెలుపలికి వచ్చి, ఏమి చూచితిరని పిల్లల నడిగితిని. “చాల బాగున్నవండీ” అనిరేగాని ఒక్కడును ఒక్క వస్తువునైన వర్ణింపలేకపోయెను. అప్పు డా బాలుడు, “పంతులుగారూ, ఈ వాకిటి స్తంభముమీద పదునారు రేకుల పద్మ మున్నదండీ. ఒక రేకు విరిగినది” అనెను. చేయి చాచి తడవితిని. నిజమే. మేమందరము దాని ప్రక్కనుండియే లోనికి పోయితిమి, ఒక్కరమును చూడలేదు. ఆ దినమున నాకు కలిగిన సిగ్గు నేటికిని తీరలేదు.

ఆ బాలుని వాకిట నాపినది మెట్లును గావు, అధికారులును గారు, నా మాటయే. జనకుని సభాద్వారమున అష్టావక్రుని అడ్డగించిన ద్వారపాలకుడు అతని వాదమునకు మెచ్చి త్రోవ యిచ్చెను. నాకు ఆ మాత్రపు వివేకమును లేకపోయెను.

అందుచే పెద్దలకు నా మనవి యిది. మీ యూరినుండి యాత్రకు బస్సు మాటలాడునప్పుడు, కన్ను కానని బిడ్డ పేరును, కాలు చాలని ముసలమ్మ పేరును ముందుగా వ్రాయుడు. ఏ సదుపాయములు కలవో ప్రదర్శనశాలవారికి జాబు వ్రాసి తెలిసికొనుడు, లేనివానిని కోరుడు. లోనికి పోయిన పిమ్మట బాగున్నదని యూరకొనక, వస్తు వెంత పెద్దదో, దేనితో చేసినదో, ఎటు తిరిగి యున్నదో, చేతులలో నేమున్నదో వరుసగా చెప్పుడు. చెప్పవలసివచ్చినప్పుడే మనమును సరిగా చూతుము. మీ గ్రంథాలయమునకును, పంచాయతీ కచ్చేరికిని వాలుబాట కట్టించినచో, ఊరిలోనే ఆరంభము జరిగినట్లగును.

ఇంక సెలవు.